ఖాళీగా ఉన్న ఆకుపచ్చ ట్రే

"ఇంకొక్క అడుగు ముందుకు వేశారంటే మిమ్మల్ని కూడా లోపల వేయించేస్తాను వదినగారూ!"

ఇన్‌స్పెక్టరు గుమ్మానికి అడ్డంగా చెయ్యి చాచి నిలబడ్డాడు. మనిషి ఆరడుగులు, మీసం అరడుగు. ఆ చేతి కిందనుంచి చూస్తే నిన్న సాయంత్రం హత్య జరిగిన ఆఫీసు సగం కనిపిస్తోంది.

"వేయించు," అంది చిటపటమ్మ. "వాళ్ళక్కని ఎందుకు లోపలేశావో ఇంటికెళ్ళి మీ ఆవిడకి నువ్వే చెప్పుకో. నాకేం, అక్కడా దోమలే, మా ఇంట్లోనూ దోమలే."

చెయ్యి మెల్లిగా కిందికి దిగింది.

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గాని, అది డిటెక్టివ్ లైసెన్సు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. వయసు యాభై దాటినా కోపం మాత్రం పాతికేళ్ళ దగ్గరే ఆగిపోయింది. ఎదుటివాడు ఒక్క అబద్ధం ఆడితే చాలు, కాలిన పెనం మీద నీళ్ళు చల్లినట్టు చిటపటలాడిపోతుంది. చిటపటమ్మ అన్న పేరు పెట్టింది కూడా ఈ మరిదే, తన పెళ్ళి పందిట్లో, పదిమందీ వింటుండగా. ఇరవై ఏళ్ళ పైమాటే. ఆవిడ ఇంకా క్షమించలేదు.

ఇవాళ ఆ కోపం పొద్దున్నే మొదలైంది. తన డిటెక్టివ్ ఆఫీసు తాళం తీయడానికి వెళ్తే మెట్ల మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఫిజియోథెరపీ ఆఖరి సంవత్సరం. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. తల్లీ తండ్రీ లేరు, లిఫ్టులు బాగుచేసే అన్నయ్యే పెంచాడు. ఆ అన్నయ్య ఇప్పుడు హత్యకేసులో లాకప్పులో ఉన్నాడు.

"మా అన్నయ్య లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళని బయటికి లాగుతాడు ఆంటీ. మనిషిని కొట్టడు." ఆ పిల్ల మొదటి మాట ఇదే. రెండో మాట, "సోమవారం నుంచి పరీక్షలు. నీ ఫీజు కట్టలేదు, హాల్ టికెట్ ఇవ్వం పొమ్మంటున్నారు కాలేజీలో. మేం కట్టాం ఆంటీ!"

సంగతేమిటంటే, ఇంట్లో పైచదువు చదివే పిల్లలుంటే, వాళ్ళకి కట్టిన ఫీజులో కొంత భాగాన్ని సర్కారు మన పన్నులోంచి తగ్గిస్తుంది. కట్టాల్సిన పన్ను అంత లేకపోతే మిగతాది చేతికి వెనక్కిస్తుంది కూడా. చెల్లెల్ని పోషిస్తున్నాడు కాబట్టి మెకానిక్కుకీ ఆ రాయితీ వచ్చేది. చట్టం మంచిదే. ఆ ఫారాలు నింపడమే మామూలు మనుషుల వల్ల కాదు. అందుకే కాలేజీ పిల్లలున్న ప్రతి ఇంటివాళ్ళూ ఈ మేడమీది ఆఫీసుకే వచ్చేవారు. ఇక్కడి ఆడిటరుకి 'రిఫండు మాస్టారు' అని పేరు. "ఫీజు కూడా నా చేతికిచ్చెయ్యండి, కాలేజీలో నేనే కట్టి రసీదు తెచ్చిస్తాను, మీకు క్యూలో నిలబడే బాధ తప్పుతుంది," అనేవాడు మహానుభావుడు. మెకానిక్కు నమ్మాడు. మొన్న పన్నుల ఆఫీసు నుంచి నోటీసొచ్చింది. కాలేజీ లెక్కల్లో మీ చెల్లెలి ఫీజు జమ కాలేదు, పెట్టని ఖర్చుకి రాయితీ ఎలా తీసుకున్నారని. నిలదియ్యడానికి నిన్న సాయంత్రం ఇక్కడికొచ్చాడు. చీకటి పడేసరికి మాస్టారు తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. మెకానిక్కు ఇంటిముందు పోలీసు జీపు ఆగింది.

పొద్దున స్టేషన్లో ఊచల వెనకనుంచి అతను చెప్పింది ఒకటే మాట. "తలుపు లోపల గడియపెట్టి ఉందమ్మా. బాదాను. నా రెండు లక్షల అరవై వేలు బయట పెట్టమని అరిచాను. తియ్యలేదు. చేతులు నొప్పెట్టి వచ్చేశాను."

చిటపటమ్మ లోపలికి నడిచింది. బయటి గదిలో బెంచీ మీద ముప్పై ఏళ్ళ మనిషొకడు మోకాళ్ళమీద ఫోను పెట్టుకుని ముడుచుకు కూర్చుని ఉన్నాడు. మాస్టారి బావమరిది. ఫారాలు నింపేది ఇతనే కాబట్టి అందరూ 'చిన్న మాస్టారు' అంటారు. ఈ కేసుకి ఉన్న ఒకే ఒక్క సాక్షి కూడా ఇతనే.

"ఇంకా చూడ్డానికేముంది వదినగారూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు వెనకే వస్తూ. "చంపడానికి కారణముంది. అరుపులు విన్న సాక్షి ఉన్నాడు. మెకానిక్కు సంచిలో ఇంత లావు పానా దొరికింది. కేసు అయిపోయింది."

"పానాకి రక్తముందా?"

"తుడిచేసి ఉంటాడు."

"గ్రీజు ఉందా?"

"గ్రీజుకేం, బోలెడుంది."

"గ్రీజు అలాగే ఉంచి రక్తం మాత్రం తుడిచాడా? ఎలా తుడిచాడయ్యా, జల్లెడ పట్టి తుడిచాడా?"

బయట నిలబడ్డ కానిస్టేబులు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు మొహం ఎర్రబడింది.

"గాయం గుండ్రంగా ఉందని, గుండ్రటి అంచున్న బరువైన వస్తువుతో కొట్టారని మీ డాక్టరే రాశాడు. పానాకి గుండ్రటి అంచెక్కడుంది? కింద జిరాక్సు షాపావిడ మెకానిక్కు తలుపు బాదుతుంటే కళ్ళారా చూసింది. ఆవిణ్ని మీవాళ్ళు ఏమడిగారో తెలుసా? 'అరిచాడా, లేదా?' అంతే. అరిచాడంది. రాసుకుని పోయారు. తలుపు మూసుందా తీసుందా అని అడగడానికి నోరు రాలేదు ఒక్కడికీ!"

"తర్వాత మాస్టారు తలుపు తీశాడేమో! కిందావిడకి అది కనిపించిందా? లేదుగా!"

అది నిజమే. ఆవిడ అంతసేపూ మెట్లవైపే చూస్తూ కూర్చోలేదు. చిటపటమ్మ పళ్ళు కొరుక్కుని మాస్టారి గదిలోకి వెళ్ళింది.

బల్ల, అటు ఒక కుర్చీ, ఇటు రెండు కుర్చీలు. నేలమీద సుద్దగీత. బల్లమీద పక్కపక్కనే రెండు ప్లాస్టిక్ ట్రేలు. ఒకటి ఎర్రది, ఒకటి ఆకుపచ్చది.

"ఇవేంటి?" అని కేకేసింది.

చిన్న మాస్టారు గుమ్మం దగ్గరికొచ్చాడు. "ఎవరొచ్చినా ముందు వాళ్ళ కాగితాలన్నీ బల్లమీద పొయ్యమనేవాడండీ బావ. అందులో పనికొచ్చేవి ఆకుపచ్చ ట్రేలోకి, పనికిరానివి ఎర్ర ట్రేలోకి వేసేవాళ్ళం. కాలేజీ ఫీజు పనికొస్తుంది. హాస్టలు, భోజనం, బస్సు, పుస్తకాలు... ఇవి రాయితీ లెక్కలోకి రావు మేడమ్. చట్టం దృష్టిలో అవి చదువు ఖర్చు కాదు."

"ఆహా! అంటే ఆ పిల్ల అన్నం తినకుండా, కన్ను మూయకుండా, గాల్లో ఎగురుకుంటూ కాలేజీకి వెళ్ళాలన్నమాట!"

"చట్టం అలా ఉందండీ..."

"నీకూ ఆ చట్టం బాగా వంటబట్టినట్టుంది."

ఎర్ర ట్రే పొంగిపొర్లుతోంది. హాస్టలు రసీదులు, మెస్సు బిల్లులు, బస్సు పాసులు, అన్నీ రబ్బరు బ్యాండ్లు వేసి ఇంటింటికీ వేరువేరుగా కట్టి ఉన్నాయి. ఆకుపచ్చ ట్రేలో గుండుసూది కూడా లేదు. చిటపటమ్మ దాన్ని ఎత్తి బోర్లా తిప్పి ఇన్‌స్పెక్టరు మొహం ముందు పెట్టింది.

"ఇది ఖాళీ ఎందుకైంది?"

"పని పూర్తయిపోయి ఉంటుంది."

"పక్క ట్రేలో ఇంతమంది కాగితాలుంటే వీళ్ళ ఫీజు రసీదులు ఏవి? డబ్బు పోయిందని ఒళ్ళు మండి వచ్చినవాడు సొరుగులు లాగుతాడు, బీరువా పగలగొడతాడు. బీరువా తాళం చెక్కు చెదరలేదు. కాగితాలే కావాలనుకున్నా దొరికింది దొరికినట్టు దోచుకుపోతాడు. ఇక్కడెవరో తీరిగ్గా ఎర్రదాన్ని వదిలేసి ఆకుపచ్చదే ఊడ్చుకుపోయారు. ఏ ట్రేలో ఏముంటుందో తెలిసినవాడు. ఆ ఫీజు రసీదులు ఎవరి కంటా పడకూడదనుకున్నవాడు. లిఫ్టు మెకానిక్కుకి వాటితో ఏం పని?"

ఆవిడ ఎర్ర ట్రేలోని కట్టలు ఒక్కొక్కటీ తిరగేస్తోంది. ఒక కట్ట దగ్గర చెయ్యి ఆగిపోయింది. కాగితం మీద పేరు చూసింది. మరిది మొహం చూసింది. మళ్ళీ పేరు చూసింది.

"మా చెల్లెలి కూతురి మెస్సు బిల్లు ఇక్కడేం చేస్తోంది?"

"అందరూ ఇక్కడికే వస్తారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు గొణుగుతూ. "నేనూ వచ్చాను. అది నేరమా?"

"చచ్చినవాడు నీ ఆడిటరని పై ఆఫీసరుకి చెప్పావా?"

"అవసరం లేదనిపించింది."

"అనిపిస్తుంది, ఎందుకనిపించదూ! సరే, నీ కూతురి ఫీజు ఎవరు కట్టారు? నువ్వు క్యూలో నిలబడి కట్టావా, మాస్టారి చేతిలో పెట్టావా?"

అరడుగుల మీసం ఒక్కసారి కదిలింది. "మాస్టారికే ఇచ్చాను. రసీదు కూడా తెచ్చిచ్చాడు. రాయితీ కోసమని మళ్ళీ ఆయనకే ఇచ్చేశాను."

"ఒరిజినలా?"

"ఒరిజినలే."

"అయితే తీరి కూర్చుని ఏడువ్. అది ఈ ఖాళీ ట్రేలోదే. నీ కూతురి ఫీజు కట్టాడని రేపు కాలేజీవాళ్ళకి ఏం చూపిస్తావు, నీ టోపీనా?"

"మా ఇంటి సంగతి కేసులోకి లాగకండి!" ఇన్‌స్పెక్టరు బల్లమీద గుద్దాడు. "మీకు మొదట్నుంచీ నేనంటే పడదు! ఆ పిల్ల వచ్చి రెండు కన్నీటిచుక్కలు రాల్చేసరికి కరిగిపోయి నా కేసు చెడగొట్టడానికొచ్చారు! రసీదులు దొంగవంటారు, ఫీజులు మింగేశారంటారు, ఏదీ రుజువు? గాలిమాటలు!"

"గాలిమాటలా?" ఆవిడ ఒంటికాలి మీద లేచింది. "అందరి రసీదులూ పోయినా ఒక్కటి మిగిలింది మరిదీ! ఆ పిల్లది! వార్డెనుకి ఒరిజినల్ చూపిస్తేగాని రూము ఇవ్వదని మాస్టారికి జిరాక్సు కాపీయే ఇచ్చారు. తీసుకురమ్మని ఇప్పుడే హాస్టలుకి పంపించాను. అది నీ బల్లమీద పెట్టాక చెప్పు గాలిమాటలో కాదో!"

ఆవిడ గొంతుకి గది అద్దాలు అదిరాయి. గుమ్మం దగ్గర చిన్న మాస్టారు మొహం తుడుచుకున్నాడు. "కొంచెం మంచినీళ్ళు తాగొస్తానండీ," అని వరండాలోకి వెళ్ళాడు. ఆవిడకి ఆ క్షణంలో మరిది మీసం తప్ప ఇంకేమీ కనబడలేదు.

మరిదితో అరగంట వాదించి, కోపం కాస్త దిగాక బల్ల సొరుగులు లాగింది. పైరెండింట్లో పెన్నులు, పిన్నులు, తలనొప్పి మాత్రలు. అడుగుసొరుగు మాత్రం మిగతావాటికంటే లోతు. అందులో మందపాటి అట్ట పరిచి ఉంది. అట్టమీద నాలుగు మూలలా నాలుగు గుంటలు. ఏదో బరువైన వస్తువు చాలాకాలం అక్కడ కూర్చుంది. ఇప్పుడు లేదు. అట్ట ఎత్తి చూస్తే కింద ఒక తెల్లకాగితం ముక్క దొరికింది. రాతేమీ లేదు. వేలితో తడిమితే మాత్రం గరుకుగా ఏదో తగిలింది.

ఆవిడ పెన్సిలు తీసి కాగితం మీద అడ్డంగా తేలిగ్గా రుద్దింది. నల్లటి పెన్సిలు రంగులోంచి గుండ్రంగా ఒక ముద్ర పైకి తేలింది. చుట్టూ అక్షరాలు, మధ్యలో దీపం. ఆ అమ్మాయి చదివే కాలేజీ ముద్ర.

ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. ఈసారి అరవలేదు.

"సిరా లేకుండా ఉబ్బెత్తు ముద్ర వేసే ఇనప మిషను," అంది చిటపటమ్మ. "పైన గుండ్రటి తల, పక్కన పిడి. కాలేజీ అకౌంట్స్ ఆఫీసులో ఉండాల్సింది ఆడిటరు సొరుగులో కాపురం పెట్టింది. రసీదులు ఇక్కడే పుట్టాయి. మీ డాక్టరు చెప్పిన గుండ్రటి అంచు కూడా దానిదే. ఆ మిషనెక్కడుందో తెలిస్తే చంపినవాడు తెలుస్తాడు. ఏడీ, నీ సాక్షి ఏడీ? నీళ్ళు తాగడానికి నదికి గాని వెళ్ళాడా?"

కానిస్టేబులు చిన్న మాస్టార్ని తీసుకొచ్చి కుర్చీలో కూలేశాడు.

"నిన్న సాయంత్రం ఎక్కడున్నావు?"

"బయటి గదిలో, నా సీట్లోనే మేడమ్."

"మెకానిక్కు ఎప్పుడొచ్చాడు?"

"అయిదున్నరకి. నేరుగా బావ గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడు."

"బయటి తలుపు?"

"ఆఫీసు టైము కదండీ, తీసే ఉంది."

"తర్వాత?"

"అరుపులు వినిపించాయి. ఆ తర్వాత దబ్బుమని చప్పుడు. అతను సంచి పట్టుకుని పరుగెత్తాడు. నేను లోపలికెళ్ళి చూస్తే బావ..." కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ ఏడుపు నటన కాదు. నిజంగా ఏడుస్తూనే అబద్ధమాడుతున్నాడు, అందుకే ఆవిడకి ఇంకా మండింది.

"ఏమని అరిచాడు? సొంత కవిత్వం వద్దు. అతనన్న మాట అన్నట్టు చెప్పు."

"'నా చెల్లెలి ఫీజు లక్షా ఎనభై వేలు మింగావు, కక్కు' అన్నాడు మేడమ్."

"ఎంత?"

"లక్షా ఎనభై వేలండీ."

"తలుపు మూసుందన్నావుగా, సరిగ్గా వినిపించిందా?"

"స్పష్టంగా వినిపించింది మేడమ్. రెండుసార్లు అన్నాడు."

"స్టేట్‌మెంటులోనూ అదే చెప్పాడు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

చిటపటమ్మ ఎర్ర ట్రేలోంచి ఒక కట్ట లాగి చిన్న మాస్టారి ఒళ్ళో పడేసింది. "మెకానిక్కువి. మొత్తం కూడు."

"ఎందుకండీ..."

"కూడమన్నానా!"

అలవాటైన పని. కళ్ళు కాగితాలమీద పరిగెత్తాయి, పెదాలు కదిలాయి. "హాస్టలు, మెస్సు అరవై. పుస్తకాలు, బస్సు ఇరవై. ఎనభై వేలండీ."

"లక్షా ఎనభైకి కలుపు."

"రెండు లక్షల అరవై..." చిన్న మాస్టారు అక్కడే ఆగిపోయాడు.

"ఆఁ. రెండు లక్షల అరవై. ఫీజూ, హాస్టలూ, పుస్తకాలూ అన్నీ మీరే కట్టెయ్యండని మెకానిక్కు మీ బావ చేతిలో పెట్టిన డబ్బు అది, ఒకే కట్ట. పొద్దున నాతో మాట్లాడినంతసేపూ అతను ఆ అంకె తప్ప ఇంకో అంకె ఎత్తలేదు. నిన్న తలుపు బాదుతూ అరిచింది కూడా అదే. కింద జిరాక్సు షాపావిడ విన్నది, అక్కడ నిలబడ్డ నలుగురు విన్నారు. నీకొక్కడికే లక్షా ఎనభై వినిపించింది! ఎలా వినిపిస్తుందిరా? ఆ అన్నయ్యకి చెల్లెలి తిండీ చదువే, పక్కా చదువే, బస్సూ చదువే. అందులోంచి ఎనభై వేలు తీసి పక్కన పారేసి, మిగిలినదాన్ని ఫీజు అనేవాడు ఎవడు? పొద్దస్తమానం ఈ రెండు ట్రేల మధ్య కూర్చుని బతికేవాడు! నువ్వు వినలేదు. అసలు నువ్వు ఇక్కడ లేవు. నువ్వు నింపిన ఫారంలోంచి ఆ అంకె తీసి అతని నోట్లో పెట్టావు!"

చిన్న మాస్టారి ఒళ్ళోంచి కాగితాలు జారిపోయాయి.

ఇన్‌స్పెక్టరు అతని కుర్చీని ఒక్క తన్ను తన్నాడు. వదినగారి కోపం ఆయనకీ అంటుకుంది. "చెప్పరా! నా కూతురి ఫీజు ఏమైంది?"

"కట్టలేదండీ," అన్నాడు చిన్న మాస్టారు. "ఈ ఏడు ఎవరిదీ కట్టలేదు. బావా, కాలేజీ అకౌంట్స్ ఆఫీసరుగారూ చెరిసగం పంచుకునేవారు. ముద్ర మిషను ఆయనే తెచ్చిచ్చాడు. ఎప్పటికప్పుడు కొత్తవాళ్ళ డబ్బుతో పాతవాళ్ళ పద్దు సర్దేసేవాళ్ళు. ఈ ఏడు పన్నుల ఆఫీసు కాలేజీ జాబితా తెప్పించుకుని సరిచూసింది. నోటీసులు రావడం మొదలెట్టాయి. బావ భయపడిపోయి, అంతా ఒప్పేసుకుంటానన్నాడు. నిన్న అయిదింటికి ఆఫీసరుగారొచ్చారు. నన్ను టీ తాగి రమ్మని పంపేశారు. తిరిగొచ్చేసరికి బావ నేలమీద ఉన్నాడు. ఆయన ఆ మిషన్ని గోనెసంచిలో చుడుతున్నాడు. మెకానిక్కు తలుపు బాదినంతసేపూ లోపలే ఉన్నాట్ట. 'పాపం, అతనెవరో సమయానికి వచ్చాడు. అతని మీద పెట్టెయ్. కాదన్నావో, దొంగ రసీదులు రాసింది నీ చేత్తోనే, నిన్నే ఇరికిస్తాను,' అన్నాడు."

"మీ అక్క ముండమోసి కూర్చుంటే," అంది చిటపటమ్మ, "ఆమె మొగుణ్ని చంపినవాడికి నువ్వు సాక్ష్యం చెబుతున్నావా? రేపు ఆవిడ చేతి అన్నం ఎలా తింటావురా? అది ఏ ట్రేలో వేస్తావు?"

అతను తల ఎత్తకుండానే ఇంకో మాట అన్నాడు. "ఇందాక నీళ్ళకని వెళ్ళినప్పుడు... ఆయనకి ఫోన్ చేశానండీ. ఆ అమ్మాయి దగ్గర ఒరిజినల్ రసీదు ఉందని చెప్పాను."

చిటపటమ్మ చెయ్యి ఫోను మీదికి వెళ్ళింది.

ఆ మాట వాడికెవరు చెప్పారు? తనే. మరిది మీద గెలవాలని, అద్దాలు అదిరేలా అరిచి మరీ చెప్పింది. ఇన్నేళ్ళుగా ఎందరినో కడిగిపారేసిన ఆ నోరే ఇవాళ ఓ పసిదాని దారి హంతకుడికి చూపించింది. తిట్టుకోవడానికి కూడా తీరిక లేదు. ఫోను తీసి ఆ అమ్మాయి నంబరు నొక్కి, స్పీకరు పెట్టింది.

రెండో రింగుకే ఎత్తింది. గొంతులో పొద్దుటి ఏడుపు లేదు.

"ఆంటీ! నేనే చేద్దామనుకుంటున్నాను. మా అకౌంట్స్ ఆఫీసరుగారు ఎంత మంచివారో! రసీదు తెమ్మని ఆయనే ఫోన్ చేశారు. హాస్టలు దగ్గరికే వచ్చి చూసి, పొరపాటు మాదేనన్నారు. హాల్ టికెట్టు ఆయనింట్లో ఉండిపోయిందట, తీసుకుని వద్దామని ఆయన కార్లోనే వెళ్తున్నాం."

ఇన్‌స్పెక్టరు నోరు తెరవబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపింది. కారులో ఫోను మాట్లాడితే పక్కవాడికి వినపడకుండా ఉండదు.

"ఎక్కడున్నావు తల్లీ?"

ఆ గొంతు విని ఇన్‌స్పెక్టరు బిత్తరపోయాడు. వదినగారు ఇంత మెత్తగా మాట్లాడగా ఆయన పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

"పాల ఫ్యాక్టరీ దాటాక రైలు గేటు పడిందాంటీ, ఆగాం. ఇక్కడ ఒక్క ఇల్లూ లేదు, ఈయన ఇల్లు ఇంత దూరమని తెలీదు." చిన్నగా నవ్వింది. "కాళ్ళదగ్గర గోనెసంచిలో ఏదో ఇనప సామానుంది, కారు కుదిపినప్పుడల్లా మడమకి కొట్టుకుంటోంది."

ఇన్‌స్పెక్టరు అప్పటికే కానిస్టేబుల్ని మెట్లమీదికి తోశాడు. జీపు వెళ్ళాలంటే పది నిమిషాలు. గేటు ఎంతసేపు మూసుంటుందో ఎవరికి తెలుసు? ఆ పది నిమిషాలూ కారులో ఉన్నవాడికి ఆ పిల్లని చంపాల్సిన అవసరం ఉండకూడదు. చిటపటమ్మ కళ్ళు మూసుకుంది.

"తల్లీ, ఒక చెడ్డ కబురు. గట్టిగా ఉండు. మీ అన్నయ్య ఒప్పేసుకున్నాడు. మాస్టార్ని తనే కొట్టానని చెప్పి సంతకం పెట్టేశాడు. కేసు మూసేశారు. ఇక ఆ రసీదుతో ఎవరికీ పని లేదు. ఆఫీసరుగారికి ఇచ్చెయ్. హాల్ టికెట్టు మాట రేపు చూద్దాం, ఆయన్ని నిన్ను హాస్టలు దగ్గర దించెయ్యమను."

అవతల దూరంగా రైలు కూత వినిపించింది. తర్వాత మగగొంతు, చాలా తీరిగ్గా, "అయ్యో, ఏమైందమ్మా? ఏడవకు, ఏడవకు. పద, నిన్ను హాస్టల్లో దించేస్తాను," అంది.

పనిచేసింది. కనీసం ఈ నిమిషానికి పనిచేసింది.

అప్పుడు ఆ పిల్ల మాట్లాడింది. ఏడుపులో మాటలు విరిగిపోతున్నాయి. "మా అన్నయ్య చెయ్యలేదని నమ్ముతున్నానన్నారు కదాంటీ. కొట్టి ఒప్పించుంటారు. మీరక్కడే ఉండి ఊరుకున్నారా? మీరు కూడా వాళ్ళ మనిషే. ఇంకెప్పుడూ నాకు ఫోన్ చెయ్యకండి." ఫోను కట్టయింది.

ఇన్‌స్పెక్టరు గుమ్మంలో ఆగి వెనక్కి చూశాడు. "వదినా, ఆ పిల్ల మిమ్మల్ని..."

"తిట్టుకోనీ," అంది చిటపటమ్మ, మెట్లు రెండేసి దిగుతూ. "జన్మంతా తిట్టుకోనీ. తిట్టుకోవడానికి ముందు బతికుండాలి. నడు, జీపు తియ్యి!"